నీళ్ల డ్రమ్ములు

ఎంబీఏ పిల్లలకు నేను చెప్పే పాఠం వ్యాపార నీతి. మా కాలేజీ పటాన్‌చెరు హైవే పక్కన. లారీల మోతలో నీతి వినపడాలంటే గొంతు చించుకోవాలి. ఏటా ఒక ఉదాహరణ చెబుతాను. సరుకు తాకట్టు మీద బ్యాంకు అప్పు తీసుకున్న కంపెనీ ఒకటి, తనిఖీ రోజున ముందు వరుసలో అసలు కెమికల్ డ్రమ్ములు, వెనక వరుసల్లో నీళ్లు నింపిన డ్రమ్ములు పెడుతుంది. మూతలు తీసి చూసే ఓపిక ఎవరికుంది? పిల్లలు పగలబడి నవ్వుతారు. నాకూ మహా సంబరంగా ఉండేది.

ఈసారి ఒక్క అమ్మాయి నవ్వలేదు. జోగిపేట దగ్గరి పల్లె పిల్ల. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉద్యోగం. ఆ జీతంతోనే ఫీజు, గది కిరాయి.

క్లాసయ్యాక వచ్చి, "సర్, మా దగ్గర గిట్లనే చేస్తున్నరు. రేపు బ్యాంకోళ్లొస్తరంట. నీళ్ల డ్రమ్ములకు నన్ను లేబుళ్లు అంటియ్యమన్నరు. ఏం జెయ్యాలె?" అంది.

"అంటియ్యకు," అన్నాను. పాఠం చెప్పినంత తేలిగ్గా అనేశాను.

ఆమె అంటించలేదు. ఇంకెవరో అంటించారు. బ్యాంకు వాళ్లు వచ్చారు, చూశారు, భోంచేసి వెళ్లారు. సాయంత్రానికి ఆమెను ఇక రావద్దన్నారు.

మర్నాడు పొద్దున ఆమె చెప్పగా విని నాకు ఒళ్లు మండిపోయింది. ఆమెను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో బొల్లారం వెళ్లాను. ఆమెను గేటు దగ్గరే ఆపేశారు. లోపల స్టోర్స్ మేనేజర్ నన్ను చూస్తూనే లేచొచ్చి కాళ్లకు మొక్కాడు. నా పాత విద్యార్థి! హమ్మయ్య అనుకున్నాను.

చాయ్ తెప్పించాడు. గేటు నుంచి కబురందిందేమో, నేను నోరు తెరిచేలోపే, "ఆ పిల్ల తప్పేం లేదు సర్. ఆమె చెప్పింది కరెక్టే. గానీ గసుంటోళ్లను స్టోర్స్‌ల పెట్టుకుంటే మేం మునుగుతం," అన్నాడు.

"ఈ దిక్కుమాలిన పని నీకెవడు నేర్పిండ్రా?"

వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు. "అదేంది సర్, మీరే గద! ముందట అసలుయి, ఎనక నీళ్లయి. గప్పుడు క్లాసుల మస్తు నవ్వినం."

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఇన్నేళ్లుగా గొంతు చించుకుని నేను నేర్పింది ఇదన్నమాట. ఆమె ఉద్యోగం మాటెత్తకుండానే లేచి వచ్చేశాను.

గేటు బయట ఎండలో నిలబడ్డ అమ్మాయి నాకు ఎదురొచ్చింది.

"ఏమన్నరు సర్? నా తప్పు లేదని ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నడమ్మా."

ఆమె మొహం వెలిగిపోయింది.

"మరి డ్యూటీకి ఎప్పట్నుంచి రమ్మన్నరు సర్?"