తియన్‌లోక్ కోటు గుండీలు

కీలుంగ్ రేవు వెనక సందులో మా దారాల కొట్టును ఆనుకునే తియన్‌లోక్ దర్జీ దుకాణం ఉండేది. కోట్లు కత్తిరించి కుట్టేది ఆయన. గుండీలు మాత్రం ఆయన భార్య చైలువాన్ కుట్టేది. మా ఊళ్ళో వానకు వేళాపాళా లేదు. ఓడల మీద పనిచేసేవాళ్ళు తడిసి బరువెక్కిన కోట్లను విదిలించి విప్పుతారు, గుండీలు ఊరికే ఊడిపోతాయి. చైలువాన్ కుట్టినవి ఊడేవి కావు. జంట దారానికి మైనం రుద్దేది. గుండీ కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల లాగేసి, అక్కడ వదులుగా మిగిలిన దారాన్ని మెడలాగా బిగించి చుట్టేది. కోటు లోపలివైపు ఇంకో చిన్న గుండీని ఆనించేది, లాగుడు గుడ్డ మీద పడకుండా.

"మా ఆవిడ కుట్టిన గుండీకి కోటు మొత్తం వేలాడదీయొచ్చు" అనేవాడు తియన్‌లోక్, వచ్చినవాళ్ళతో.

"కోటేం ఖర్మ, మనిషినే వేలాడదీయొచ్చు. చూస్తావా?" అనేది ఆమె సూది పైకెత్తి.

ఒక చలికాలం ఉదయం తియన్‌లోక్ చేతిలో సుద్దముక్కతోనే కత్తిరింపు బల్ల మీదికి వాలిపోయాడు. నేను పరిగెత్తుకెళ్ళేసరికి ప్రాణం లేదు. చైలువాన్ కేక పెట్టలేదు. ఆయన చెంపకు అంటిన సుద్ద తుడిచి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేస్తే, "ఆయన కిందున్న గుడ్డ ఓడ ఇంజనీరుగారిది. నలిగిపోతోంది, కాస్త అటు లాగు" అంది.

మధ్యాహ్నానికి తియన్‌లోక్ అక్క గిమ్‌చూ వచ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఏం బట్టలు వేసి పంపాలన్నది తేల్చడానికి కూర్చుంది. జన్మంతా ఊరివాళ్ళకు కోట్లు కుట్టిన మనిషి తనకంటూ కుట్టుకున్నది ఒక్కటే, ముదురు నీలం ఉన్నిది. చైలువాన్ దాన్నే తెచ్చి ఒళ్ళో పెట్టుకుంది.

"కోటు వేస్తే వెయ్యి. గుండీలు మాత్రం ఉండకూడదు" అంది గిమ్‌చూ.

"ఎందుకు పెద్దొదినా?"

"తెలీనట్టు అడుగుతావేంటే? గుండీ అంటే పట్టుకునేది. వాడు పోతూ పోతూ బతికున్నవాళ్ళని పట్టుకుంటాడు. అవి తీసేసి నాడాలు కుట్టు."

"సరే."

బ్లేడు తెచ్చుకుంది. గుండీల కింద దారం చుట్టిన మెడ ఎండిన వేరులా గట్టిపడి ఉంది. పక్కనుంచి కోసింది, కిందనుంచి కోసింది, ఒక పట్టాన తెగలేదు. మూడో గుండీ దగ్గర బ్లేడు జారి గుడ్డ చీలింది.

"ఇంత గట్టిగా ఎవరు కుట్టమన్నారే నిన్ను?" అంది గిమ్‌చూ, కోపమో దుఃఖమో తెలియని గొంతుతో.

"ఊడితే ఆయన ఒప్పుకోడుగా."

చీలికను కనపడకుండా రఫ్ఫు చేసింది. లోపలి సిల్కు గుడ్డతో నాడాలు కుట్టింది. కుడుతూ కుడుతూ, "ఆయనకి ముడెయ్యడం రాదు పెద్దొదినా. బూట్ల తాళ్ళు కూడా నేనే కట్టేదాన్ని" అంది. వాన పడుతోంది అన్నంత మామూలుగా అంది. గిమ్‌చూ ముఖం అటు తిప్పుకుంది.

శవపేటిక కదిలేటప్పుడు భార్య శోకం పెట్టాలి. మైలకు వేసే గోనె ముసుగులో మోకాళ్ళ మీద కూర్చుంది గానీ చైలువాన్ నోరు విప్పలేదు.

"ఏడువే. నలుగురూ చూస్తున్నారు" అని గిమ్‌చూ మోచేత్తో పొడిచింది.

"రావట్లేదు పెద్దొదినా. వస్తే ఏడవనా?"

ఆ తర్వాత సందులో ఆమెను రాయి అన్నవాళ్ళున్నారు. నేను రోజూ చేప ఉండల సూప్ పట్టుకెళ్ళేదాన్ని. ఒకరోజు ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. ఆమె గిన్నె ఖాళీ చేసి ఇచ్చింది, ఒక్క మాట అనలేదు. ఇంటికొచ్చి నేను తినబోతే గానీ నాకు తెలియలేదు.

సగంలో ఆగిన కోట్లను వేరే దర్జీ వచ్చి పూర్తిచేశాడు. గుండీలు ఆమే కుట్టింది. పొద్దున్నే కూర్చునేది, కుట్టేది, మడతపెట్టేది.

వాతావరణం కాస్త వేడెక్కాక, చేపల బజారులో వేలంపాట పాడే బున్‌తెక్ వచ్చాడు, గుండీ లేని కోటు రెపరెపలాడుతూ.

"చెల్లెమ్మా, పాట మధ్యలో చెయ్యెత్తానో లేదో గుండీ ఎగిరి సొరచేప నోట్లో పడింది. ఇవ్వరా అంటే, కొన్నవాడు తూకంలో కలిసిపోయింది పొమ్మన్నాడు."

నాకు నవ్వాగలేదు. చైలువాన్ నవ్వలేదు. కోటు తీసుకుని తిరగేసింది. లోపల ఆనింపు గుండీ లేదు. దారం చుట్టిన మెడ లేదు. నాలుగు పోగులు అటూ ఇటూ పోయి ఉన్నాయంతే. పక్క గుండీని రెండు వేళ్ళతో లాగితే చేతిలోకి వచ్చేసింది.

"ఇది నేను కుట్టిందేనా?"

"నువ్వు కాకపోతే మా ఆవిడా? ఆవిడ కుడితే చొక్కాతో సహా కలిపి కుట్టేస్తుంది."

"నాకు గుర్తు లేదు అన్నయ్యా" అంది. ఆ గుండీనే చూస్తూ కూర్చుంది.

మర్నాటి నుంచి గొడుగు వేసుకుని ఇళ్ళకూ ఓడలకూ తిరిగింది. తియన్‌లోక్ పోయాక తను గుండీలు కుట్టి ఇచ్చిన కోట్లన్నీ వెనక్కి అడిగింది. కొందరు గుండీలు బాగానే ఉన్నాయి, పొమ్మన్నారు. వాళ్ళ ఎదురుగానే గుండీ లాగి చూపించేది. అన్నీ మళ్ళీ మొదటినుంచీ కుట్టింది. ఓడ ఇంజనీరు కోటు ఒక్కటే దొరకలేదు, ఆ ఓడ అప్పటికే యొకొహామా వెళ్ళిపోయింది. నేనూ వెంట ఉన్నాను ఆ రోజు. ఖాళీ రేవు గట్టు మీద నిలబడి, "చలికి గుండీలు పెట్టుకుంటాడు కదా, పాపం" అంది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. చెయ్యి మాత్రం గొడుగు కర్రను వదల్లేదు, ఇంటికి వచ్చాక నేనే వేళ్ళు విడదీశాను.

వేసవిలో దుకాణం అద్దెకిచ్చేసి, అవతలి వీధిలో లియావ్ అనే దర్జీ దగ్గర గుండీల పనికి కుదిరింది. రోజూ మా కొట్టు ముందునుంచే వెళుతుంది. వెనకటి మాటకారితనం తిరిగి రాలేదు. "ఎలా ఉన్నావు వదినా?" అని నేనడిగితే ఆగుతుంది, ఆలోచిస్తుంది.

"పనుంది" అని వెళుతుంది.