వెల్డింగ్ పెట్టిన చెయిన్

2022 వానాకాలం. భిలాయిలోని ఖుర్సీపార్‌లో మాది చెట్లు కోసే మోటారు రంపాల దుకాణం. చెయిన్‌సా అంటారు వాటిని. మా ఆయన ఉక్కు ప్లాంటు డ్యూటీకి వెళ్తే కౌంటర్ నాది. ఏళ్లు గడిచినా నా కంగారు మాత్రం తగ్గలేదు. అమ్మిన ప్రతి చెయిన్ వెనకాలే నా ప్రాణం కూడా పోతుందని మా ఆయన వేళాకోళం చేస్తుంటాడు.

ఆ వారం గాలివానకు టౌన్‌షిప్‌లో చాలా చెట్లు పడ్డాయి. ఒక ఉదయం రమణమ్మ వచ్చింది. ఆమె, భర్త ఈశ్వర్రావు కలిసి చెట్లు కొట్టే పని చేస్తారు. వాళ్లది నలభై ఐదు సీసీ మిషన్, చిన్నది. బార్, అంటే చెయిన్ తిరిగే పొడవాటి ఇనప పట్టీ, పద్దెనిమిది అంగుళాలు దాటితే దానికి భారం.

"దీదీ, ఓ గుండ్రం ఆకురాయి ఇయ్యి. చెయిన్ పదును పెట్టాల."

"కొత్త చెయిన్ కావాలన్నావుగా?"

"ఇంకెందుకు? సెక్టర్ ఫోర్‌లో పెద్ద చెట్టు పడిపోనాది. మాను బాగా లావు. మా ఆయనకి ఎక్కడో ఇరవై రెండు ఇంచీల బార్ దొరికింది. ఉన్న చెయిన్ సాల్లేదు. మా తమ్ముడు వెల్డర్ కాదేటి? పాత చెయిన్ ముక్క కలిపి వెల్డింగ్ పెట్టేసినాడు. సరిగ్గా సరిపోనాది!"

ఆకురాయి నా చేతిలోనే ఉండిపోయింది.

భిలాయిలో ఇంటికో వెల్డర్ ఉంటాడు. గేటు విరిగినా, మంచం కోడు ఊడినా వెల్డింగే. అతకనిది లేదని మా ఊరి నమ్మకం. కానీ సా చెయిన్ లింకుల్ని రివెట్లతోనే కలపాలి. వెల్డింగ్ వేడికి ఆ ఉక్కు పెళుసెక్కుతుంది. పరుగు మీద తెగితే బార్ మొన ఎటు చూస్తుంటే అటు ముక్క తూటాలా లేస్తుంది.

చెయిన్ కొనడానికి వచ్చేవాళ్లు అంగుళాలే చెబుతారు. అంగుళాలు చాలవు. లింకుల ఎడాన్ని పిచ్ అంటాం, అది మిషన్‌లోని పళ్లచక్రానికి సరిపోవాలి. లింకు అడుగు మందం గేజ్, అది బార్ గాడికి సరిపోవాలి. గాడిలో నడిచే డ్రైవ్ లింకుల్ని లెక్కపెట్టాలి. ఇవన్నీ కుదిరాక కూడా, అంత పొడవు చెయిన్‌ను కొయ్యలోంచి లాగే సత్తా ఇంజనుకు ఉండాలి. మూరెడు మిషన్‌కు బారెడు బార్ పెడితే ఎలా?

ఇదంతా రమణమ్మకు చెప్పే ఓపిక ఆ క్షణాన నాకు లేదు. "ముందు భయ్యాకి ఫోన్ చెయ్యి. మిషన్ ముట్టొద్దని చెప్పు," అన్నాను.

అతని ఫోన్ మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు.

"మిషన్ సప్పుడులో ఇనపడదు దీదీ," అంది. ఆ మాట అన్నాకే ఆమె ముఖం పాలిపోయింది. "ఒక్క కోత కోసి చూత్తానన్నాడు. నాను వచ్చీదాకా ఆగుతాడో నేదో."

వాళ్ల పాత బార్‌కు సరిపోయే చెయిన్ ఒకటి సంచిలో వేసుకుని, షట్టర్ దించి, ఆమెను స్కూటీ మీద ఎక్కించుకున్నాను. దారంతా నీళ్లు. గుంటలో పడితే ఇద్దరం ఆసుపత్రిలో తేలతామని ఒక భయం, నెమ్మదిగా వెళితే ఆలస్యమవుతుందని ఇంకో భయం. వెనక రమణమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుతూనే ఉంది.

సెక్టర్ ఫోర్ మలుపు తిరగగానే సా చప్పుడు వినిపించింది. పని చేస్తోందంటే మనిషి బాగానే ఉన్నాడని ఊపిరి పీల్చుకున్నాను. అంతలో చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. రమణమ్మ గోళ్లు నా భుజంలో దిగాయి. బండి ఎలా ఆపానో తెలియదు, ఇద్దరం పరుగెత్తాం.

ఈశ్వర్రావు మాను పక్కన నిలబడి మిషన్‌ను తిట్టుకుంటూ స్టార్టర్ తాడు లాగుతున్నాడు. నాకు ఏడుపొచ్చినంత పనయింది.

"ఏటి దీదీ, నువ్వొచ్చినావు? ఇదిగో, మానులో దిగితే సాలు, సచ్చిపోతంది!"

"వదిలెయ్ ముందు! చెయిన్ విప్పు!" గట్టిగానే అరిచాను.

"అరె, కుచ్ నహీ హోతా, ఏటీ అవదు దీదీ..." అంటూనే విప్పి ఇచ్చాడు. వెల్డింగ్ దగ్గర రెండు చేతులతో వంచాను. బిస్కెట్టు విరిగినట్టు విరిగింది. బార్ పొడవెక్కువై ఇంజన్ ఆగిపోబట్టి సరిపోయింది. ఆ రోజు అతన్ని కాపాడింది నా పరుగు కాదు, ఆ మిషన్ చేతకానితనం.

ఈశ్వర్రావు ఇంకా తేలిగ్గానే తీసుకుంటున్నాడు. పాత బార్‌కు కొత్త చెయిన్ ఎక్కించి, లావు మానైతే ఇటు సగం, అటు సగం కోసుకోమని చెప్పాను. అప్పుడు మానుకు అవతల పడున్న తాడు కనిపించింది. దుంగ దొర్లకుండా లాగి పట్టడానికి అది. బార్ మొన సరిగ్గా అటే చూస్తోంది.

"కోసేటప్పుడు ఆ తాడు పట్టుకునేది ఎవరు?" అన్నాను.

"నానే," అంది రమణమ్మ.

ఈశ్వర్రావు తాడు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. విరిగిన చెయిన్ చేతిలో పట్టుకుని తడి గడ్డిలోనే కూలబడిపోయాడు.

ఇప్పుడు చెయిన్ కోసం ఎవరొచ్చినా బార్ ఎంత, మిషన్ ఎంత అని అడిగాక, కోసేటప్పుడు ఎదురుగా ఎవరు నిలబడతారని కూడా అడుగుతాను. ఇదేం ప్రశ్నని కొందరు నవ్వుతారు. నవ్వుతూనే ఒక పేరు చెబుతారు. ఆ పేరు నోట్లోంచి వచ్చాక మాత్రం, ఎంతటివాడైనా ఒక్క క్షణం ఆగుతాడు.