పటం ముందు పడ్డ దెబ్బ

నమ్మమని బతిమాలను. జరిగింది జరిగినట్టు ఏ రోజుకారోజు డైరీలో రాసుకునే మనిషిని. ఇది కళ్లతో చూడలేదు. చెవులతో విన్నాను. విన్నంత వరకు నిజం.

గద్వాల సాయన్న నా స్నేహితుడు. గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. రెండువేల నాలుగు వేసవిలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. అప్పటికే పేర్లు చెక్కే మిషన్లు దిగుతున్నాయి.

"ఎడమ చేత్తోనన్న ఒక్క పేరు సక్కగ కొట్టి సూపియ్యి. లేకుంటే మిషన్ తెస్త" అని దుకాణం సేటు పెళ్లికూతురి పేరు కొట్టాల్సిన ఒక ఇత్తడి చెంబు ఇచ్చి పంపాడు.

మొగుడి చెయ్యి కోసం మొక్కుకోవడానికి ఈరమ్మ బీచుపల్లి గుడికి పోతూ, "అన్నా, ఈ ఒక్క రాత్రి ఈయన కాడ పండు" అంది.

ఆ ఇంట్లో సాయన్న ముత్తాత పటం ఉంది. సంస్థానానికి రాగిరేకులు చెక్కినవాడు. తెల్లదొరల పద్ధతిలో వేసిన నూనె రంగుల బొమ్మ. పూలు, తోరణాలు ఏవీ లేవు. వెనక నల్లని గోడ. ఒక పక్క నుంచి చల్లని వెలుగు. పాలరాతిలో మలిచినట్టు కదలని ముఖం. చేతిలో ఉలి, ముందు రాగిరేకు, పక్కన చిన్న సుత్తె.

ఆ ఇంటి ఆనవాయితీ ఒకటుంది. అక్షరం తప్పు పడితే శిష్యుడు ఆ పటం ముందు తనంతట తనే చెయ్యి పెట్టాలి. గురువు సుత్తెతో ఒక దెబ్బ. చెయ్యి వెనక్కి లాక్కుంటే రెండో దెబ్బ. సాయన్నకు తండ్రి కొట్టిన గోరు ఇప్పటికీ వంకరే.

ఆ రాత్రి సాయన్న ఎడమ చేత్తోనే ఉలి నొక్కి చెంబు మీద గీసిన మొదటి అక్షరమే పక్కకు జారింది.

"సూడు సారూ, పెండ్లిపిల్ల పేరును మేక తొక్కినట్టున్నది!" అని నవ్వాడు. పటం వైపు చూసి, "ముత్తాత సూస్తుండు. దెబ్బ తప్పదు" అన్నాడు.

"సాలు తియ్. పొద్దుగాల మళ్ల కొడుదువు. పండు" అన్నాను.

తలుపు గడియ నేనే పెట్టాను. కాసేపటికి కరెంటు పోయింది.

కిర్... కిర్...

ఉలి నడుస్తున్న చప్పుడు. చెంబును గీకితే మోగుతుంది. ఇది మోగడం లేదు. రేకు మీది చప్పుడు... ఆ ఇంట్లో రేకు లేదు. పటంలో తప్ప.

పక్కకు చెయ్యి చాపాను. సాయన్న చాప ఖాళీ. ఇంకా వెచ్చగా ఉంది.

చప్పుడు ఆగింది.

పటం వైపు నుంచి సాయన్న గొంతు. చిన్నపిల్లవాడి గొంతులా...

"తప్పయింది... పెట్టిన. ఇగో, చెయ్యి పెట్టిన."

లేవాలనుకున్నాను. ఒళ్లు కదల్లేదు.

టక్.

ఊపిరి కూడా వినిపించలేదు. తరువాత... టక్.

అప్పుడు అరిచాడు.

అగ్గిపుల్ల గీశాను. పటం కింద సాయన్న. ఎడమ చేతి వేళ్లు నలిగి నెత్తురు. పటంలో ముఖం ఎప్పటిలాగే ఉంది. సాయన్న మాత్రం నావైపే చూస్తున్నాడు.

"నువ్వెందుకు కొట్టినవ్ సారూ?"

సుత్తె నా దిండు పక్కనే ఉంది.

తెల్లారి దవాఖానలో, ఆ వేళ్లు ఇక వంగవన్నారు. దుకాణంలోకి మిషన్ వచ్చింది. ఈరమ్మ దారిలో ఎదురైతే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పోయేది.

నేను లేవలేదు. లేవలేదనే అనుకుంటున్నాను...

ఆ పటం ఇంకా ఆ గోడకే ఉందట. ఆ గడప తొక్కకూడనిది నేను.