అంటు కింది చిగురు

మా పెదనాయన పోయాడని ఫోను వచ్చేసరికి నేను చిత్తూరు బస్సు కోసం మా ఊరి స్టాపులో, మామిడిచెట్టు కింద నిలబడి ఉన్నాను. ఆ చెట్టు ఆయనదే. బస్సు వచ్చి వెళ్లిపోయింది, నేను ఎక్కలేదు.

పెదనాయన నర్సరీలో మామిడి అంట్లు కట్టేవాడు. తెలియనివాళ్లకు చెబుతాను: నాటు మొక్క తల కోసి, ఆ కోతలో మేలురకం కొమ్మను దూర్చి, ప్లాస్టిక్ పట్టీ బిగించి కట్టే పని. చేతులు వణకడం మొదలయ్యాక మానేశాడు. చివరిగా కట్టిన బేనీషా (బంగినపల్లి) అంటు ఒక్కటి మాత్రం ఎవరడిగినా ఇవ్వకుండా పెరట్లో పెట్టుకున్నాడు.

ఎనిమిదేళ్ల కిందట మా అమ్మాయి బడివాళ్లు, ఇంటిల్లిపాదీ కలిసి ఊరికి పనికొచ్చే పని ఒకటి చేసి ఫోటో పంపమన్నారు. స్టాపులో అప్పుడు పుల్లంత నీడ లేదు. అక్కడ మొక్క నాటుదామనుకుంటుంటే పెదనాయన అడక్కుండానే ఆ అంటు తెచ్చిచ్చాడు. గుంత తీశాం, నాటాం, నవ్వుతూ ఫోటో దిగాం. అందరం ఇంటిదారి పట్టినా ఆయన కదల్లేదు.

"ఫోటో అయిపాయె. రేపు నీళ్లు ఎవురు పోస్తారబ్బా?" అన్నాడు.

వంతులు ఆయనే వేశాడు, మా వీధిలో రోజుకో ఇల్లు. నేను మరిచిపోయిన రోజు ఒక్క మాటా అనేవాడు కాదు. బిందె భుజానికెత్తుకుని మా వాకిలి ముందు నుంచే, పనిగట్టుకుని మెల్లగా నడిచేవాడు. అంతకంటే నాలుగు తిట్లు నయమనిపించేది.

ఆ ఏడు వేసవిలో కంటి ఆపరేషనై నెలన్నర తిరుపతిలో కూతురింట ఉండిపోయాడు. వెళ్తూ మొక్కను నాకు అప్పజెప్పి, కట్టు కింద చిగురొస్తే గిల్లెయ్యమని రెండుసార్లు చెప్పాడు. చిగురు వచ్చింది. మాడిపోయే ఎండల్లో అంత లేతగా వచ్చినదాన్ని తుంచడానికి నాకు మనసొప్పలేదు. కింది చిగురు నాటు మొక్కది, బలమంతా అదే లాగేసుకుంటుంది. ఆయన తిరిగొచ్చేసరికి నాటుది గుబురుగా ఉంది, పైన బేనీషా కొమ్మ ఎండిపోయింది.

పెదనాయన గొంతుక్కూర్చుని ఆ కొమ్మను వేళ్లతో తడిమాడు. కత్తితో కోసి జేబులో వేసుకున్నాడు.

"పోనీలేరా. నాటుది పెద్ద చెట్టయితాది. ఈడ నిలబడేవాళ్లకు గావాల్సింది నీడే గదా."

మర్నాటి నీళ్ల వంతు నాదేనని కూడా గుర్తుచేశాడు. ఆ రోజు ఆయన కోప్పడి ఉంటే నేను ఆ మొక్క దగ్గరికి మళ్లీ వెళ్లేవాణ్ణి కాదు. వెళ్లాను, నాలుగేళ్లు నీళ్లు పోశాను. ఆ ఓర్పుకు నేనాయనకు ఒక్కసారైనా దణ్ణం పెట్టలేదు.

కర్మలన్నీ అయ్యాక పెద్దమ్మ నన్ను పిలిచి, ఆయన అంట్ల కత్తి ఉండే రేకు డబ్బా చేతిలో పెట్టింది. కత్తి పక్కన జానెడు ఎండు కొమ్మ ఉంది. పట్టీ ఇంకా ఊడలేదు.

"ఈ కొమ్మ తెచ్చిన పొద్దు అన్నం ముట్టలేదప్పా. నీకు చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నాడు" అంది.

మర్నాడు ఆ కొమ్మ జేబులో వేసుకుని స్టాపుకు వెళ్లాను. చెట్టు కింద పదిమంది దాకా ఉన్నారు. నేను ఎండలోనే నిలబడిపోయాను. పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ నన్ను చూసి, బుట్టను పక్కకు జరిపింది.

"ఆడ ఎందుకప్పా, ఇట్లా నీడలోకి రా."