కాలు మాట వినని ఉదయం

ఇవాళ్టికీ తడి నేల మీద వాకరు రబ్బరు కాళ్లు కీచుమంటే నాకు డాక్టర్ అనసూయ గారు గుర్తొస్తారు. వెంటనే, అక్కడ ఆవిడకి జరిగినదానికి ఒళ్లు మండుతుంది. రెండువేల తొలి సంవత్సరాల్లో, రాజమండ్రిలో ఒక ఎముకల ఆసుపత్రికి ఆవిడ మత్తు డాక్టరు. నేను అప్పుడే చేరిన ఫిజియోథెరపిస్టుని. తుంటి కీలు మార్చినవాళ్లను మర్నాడు లేపి నిలబెట్టడం నా పని. వాళ్లకి నొప్పి తెలియకుండా నరాల దగ్గర మందు ఎక్కించడం ఆవిడ పని.

ద్రాక్షారామం నుంచి తుంటి ఆపరేషన్‌కి వచ్చిన సత్యవతమ్మ గారనే మామ్మగారికి గజ్జల దగ్గర తొడ నరానికి మందిచ్చారు. మర్నాడు పొద్దున నొప్పి లేదు గానీ తొడలో పట్టూ లేదు. ఆగుదామన్నాను. రౌండ్స్‌కి వచ్చిన పెద్ద సర్జను గారు బంధువులు చూస్తుండగా లేపాల్సిందేనన్నారు. అడుగు వేయబోతే మోకాలు మడతపడి మామ్మగారు నా మీదికి ఒరిగిపోయారు. ఆవిడకి బద్ధకమనీ, ఇలాంటివాళ్లకి ఆపరేషనే దండగనీ ఆయన అందరి ముందూ అన్నారు.

"తప్పయిపోయింది బాబూ," అన్నారు మామ్మగారు. ఏం తప్పు చేశారని?

అప్పటికే గుమ్మంలోకి వచ్చిన అనసూయ గారు గొంతు పెంచకుండానే అన్నారు: "మందు పెట్టింది నేనండి. ఆ కాలు ఇప్పుడు ఆవిడ స్వాధీనంలో లేదు. తిట్టాలంటే నన్ను తిట్టండి."

సాయంత్రం మందు ప్రభావం తగ్గాక మామ్మగారు వాకరు పట్టుకుని నిలబడ్డారు. చూడ్డానికి సర్జను గారు రాలేదు.

ఆ తర్వాత అనసూయ గారు వేరే పద్ధతులు ప్రయత్నించారు. నడుము వెనక నుంచి ఇస్తే నొప్పి బాగా తగ్గేది. కానీ సూది చాలా లోతుకు వెళ్లాలి. లోపల రక్తస్రావమైతే ఆపడం కష్టమని, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి అలా ఇవ్వడానికి ఆవిడ ఒప్పుకునేవారు కాదు. తొడ నరానికి కాస్త పక్కగా, కండరం మీది పొర కింద పలచటి మందు ఇస్తే నొప్పి పూర్తిగా పోయేది కాదు గానీ, చాలామంది నిలబడగలిగేవారు. ఎవరికి ఏది మేలో తేల్చుకోవడానికి రోజూ నా దగ్గరికొచ్చి, కూర్చోబెట్టినప్పుడు మొహం ఎలా పెట్టారు, మోకాలు నిలిచిందా అని అడిగేవారు. ఆ ఆసుపత్రిలో ఇంకెవరూ ఆ ప్రశ్న వేయలేదు. మిగతావాళ్లంతా మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందనే అడిగేవారు.

కొన్నాళ్లకి, ఈ సూదుల వల్ల ఆపరేషన్లు ఆలస్యమవుతున్నాయని సర్జను గారు వాటిని ఆపించేశారు. పెద్దవాళ్లు ఓర్చుకోగలరట.

"ఓర్చుకోగలరండి. ఎందుకు ఓర్చుకోవాలి?" అన్నారు అనసూయ గారు.

ఆయన మళ్లీ ఆవిడని ఆ ఆసుపత్రికి పిలవలేదు. వార్డులో మూలుగులు మళ్లీ మొదలయ్యాయి. అవి మామూలేనన్నారు అందరూ. ఆ 'మామూలే' అనే మాటని నేనింతవరకూ క్షమించలేదు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలెవరైనా, పేషెంటు సహకరించడం లేదని వచ్చి చెబితే, ముందు ఏ నరానికి మందిచ్చారో కనుక్కోమంటాను. వెళ్లి తొడ మీద చెయ్యి వేసి, మోకాలు బిగించమని అడుగుతాను. చేతి కింద కండరం కదలకపోతే ఆ పూట లేపను, ఎదురుగా ఎంత పెద్ద డాక్టరు నిలబడి ఉన్నా సరే.