ఆగకూడని కొమ్మ

బస్తరు సంస్థానంలో, సుక్మా దారిన నా ఉప్పుబండి తోలుకుపోతుంటే, దొర్ల తెగవాళ్ల గూడెం నుంచి ఒకామె పరుగెత్తుకొచ్చి ఎక్కింది. చేతిలో మామిడికొమ్మ, దానికి కట్టిన ఎర్రటి మిరపకాయలు.

"ఏందక్కా అది?"

"రైలుపట్టాల కింద చెక్కలకు సర్కారోళ్లకు మా అడవి కావాలంట. ఊళ్లు ఖాళీ చెయ్యమన్నరు. మేం కదలం. ఈ కొమ్మ అందుకున్న ఊరు మాతో ఉన్నట్టే. ఇది యాడా ఆగొద్దు, పై ఊరికి పోతనే ఉండాలె. నీ ఎడ్లు నడుస్తున్నయా, నిద్రపోతున్నయా అన్నా?"

నాకు పౌరుషమొచ్చింది. బస్తాలన్నీ దారి పక్కకు దొర్లించి ఎడ్లను అదిలించాను. బండి ఎగిరెగిరి పడుతుంటే ఆమె కొమ్మ పైకెత్తి పకపకా నవ్వింది.

తర్వాతి ఊరి మొదట్లో ఒక ముసలాయన కొమ్మ అందుకుని, "మేమూ కదలం!" అని అరిచి, పై ఊరివైపు పరుగందుకున్నాడు.

ఉప్పు గుర్తొచ్చేసరికి నేనూ ఆయన వెనకాలే పరిగెత్తుతున్నాను.