కారం మిల్లుకి ఏడు డొమైన్లు

ఆ రోజుల్లో నాకు తెలిసింది గోరంత, దాని మీద నమ్మకం కొండంత. (ఇప్పుడు తెలిసింది కాస్త పెరిగింది, నమ్మకం మాత్రం పిసరంత కూడా తగ్గలేదు.) డిగ్రీ అయ్యి ఇంట్లో ఖాళీగా ఉన్నానని మా పెదనాన్న నన్ను నల్లపాడు దగ్గర తన కారం మిల్లులో వెబ్‌సైటు చూసుకోమని కూర్చోబెట్టాడు. గుంటూరు కారం కోసం నెట్‌లో ఎవరు వెతికినా మా మిల్లు మొదటి పేజీలోనే కనబడేది, ఫోన్లు బాగా వచ్చేవి. ఆయనకది చాల్లేదు. తాత పేరు మీద ఒకటి, అన్నదమ్ముల పేర్ల మీద మూడు, సంఖ్యాశాస్త్రం చెప్పేవాడు కుదిర్చినవి రెండు, మొత్తం ఆరు కొత్త డొమైన్లు, అంటే నెట్ చిరునామాలు, కొని, అన్నింటిలోనూ అదే వెబ్‌సైటు అచ్చుగుద్దినట్టు పెట్టించాడు. మిర్చి యార్డులో ఒకే కాయని నాలుగు కొట్లలో మచ్చు పెడితే నలుగురు బేరగాళ్లు చూస్తారు, ఇదీ అంతేనన్నది ఆయన నమ్మకం. సెర్చ్ ఇంజన్ మాత్రం ఏడింటిలో అసలుదేదో తేల్చుకోలేక, అన్నింటినీ వెనక్కి నెట్టేసింది. ఫోన్లు ఆగిపోయాయి. మిల్లు ఒక్కపూటే ఆడుతోంది.

"ఆరింటినీ పాతదానికి శాశ్వతంగా మళ్లిద్దాం పెదనాన్నా. ఏ పేరు కొట్టినా పాత సైటుకే వస్తారు" అన్నాను.

"తాత పేరు చూసి గుమ్మంలోకొచ్చినోణ్ణి పక్కింటికి పొమ్మంటామా? నిన్నగాక మొన్నొచ్చావు, నీకేం తెలుసే?"

నా నోరు ఆగలేదు. "నెల్లో ఫోన్లు రాకపోతే బయట ఆడవాళ్లతో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తా" అన్నాను. కిటికీ అవతల తొడిమలు తీస్తున్న వాళ్లంతా అది విన్నారు.

మళ్లించాను. ఎలాగంటే, ఎండుమిర్చి పేజీకొచ్చినవాణ్ణీ, కారం పేజీకొచ్చినవాణ్ణీ అందర్నీ తీసుకెళ్లి పాత సైటు మొదటి పేజీలో తాత ఫోటో ముందు నిలబెట్టాను. వాళ్లు దండం పెట్టుకుని వెళ్లిపోయి ఉంటారు, ఒక్కడూ ఫోన్ చేయలేదు. తప్పు నాదేనని మూడోవారంలో గానీ తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోతూ ఏ పేజీని పాత సైటులో ఆ పేజీకే మళ్లించాను. అయినా గడువు దాటిపోయింది.

"చాపుంది, రా అమ్మాయ్" అంది బయట కూర్చున్న ఒక పెద్దావిడ నవ్వుతూ.

వెళ్లి కూర్చున్నాను. పెదనాన్న వద్దంటాడేమోనని చూశాను (అనలేదు). నాలుగు రోజులు తీశాను. పొరపాటున కళ్లు తుడుచుకుని రెండుసార్లు ఏడ్చాను, పౌరుషానికి మాత్రం కాదు.

అయిదోరోజు పెదనాన్న ఫోను పట్టుకుని తనే బయటికొచ్చాడు.

"పొద్దుట్నుంచీ ఇది ఆరో ఫోను. లేవే, లోపలికి రా."

"ఈ బస్తా అయ్యాక వస్తా" అన్నాను.

ఆ బస్తా పూర్తి చేయమని ఎవరూ అడగలేదు. చేతులు భగభగ మండుతున్నాయి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆయన్ని ఎండలో నిలబెట్టి చివరి కాయ దాకా తొడిమ తీసిన ఆ మొండిపిల్లంటే నాకు ఇప్పటికీ ఇష్టమే.